నీటిలో ఆమ్లమా, ఆమ్లంలో నీరా? – ఇంగ్లీషు వ్యాకరణంపై ఒక సైన్సు మాష్టారి మాట

విద్యార్థులారా! గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని పలచన చేసే ముందు ప్రతి సైన్సు టీచరూ మీ చేత ఒక హెచ్చరిక పదిసార్లు చెప్పిస్తారు. నీటిలో ఆమ్లాన్ని కొద్దికొద్దిగా పోస్తూ కలపాలి. ఆమ్లంలో నీరు పోయకూడదు. కారణం మీకు తెలిసిందే. ఆ రెండూ కలిసినప్పుడు చాలా వేడి పుడుతుంది. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం సాంద్రత నీటి సాంద్రతకు దాదాపు 1.84 రెట్లు. అందుచేత ఆమ్లంలో నీరు పోస్తే ఆ నీరు పైనే నిలుస్తుంది, పుట్టిన వేడికి అక్కడికక్కడే మరుగుతుంది, ఆమ్లపు తుంపరలను ముఖం మీదికి చిమ్ముతుంది.

ఇదే హెచ్చరిక ఇంగ్లీషు పుస్తకంలో ఇలా ఉంటుంది: "యాడ్ యాసిడ్ టు వాటర్." ఇప్పుడు రెండు పేర్లనూ తారుమారు చేయండి: "యాడ్ వాటర్ టు యాసిడ్." మాటలన్నీ అవే. కొత్త అక్షరం ఒక్కటి కూడా చేరలేదు. మారినది చోటు మాత్రమే. మొదటి వాక్యం ప్రకారం పనిచేసిన విద్యార్థి క్షేమంగా ఇంటికి వెళతాడు. రెండో వాక్యం ప్రకారం చేసినవాణ్ణి ఆసుపత్రికి తీసుకువెళ్లాల్సి రావచ్చు.

తెలుగులో ఇదే పని చేసి చూడండి. "నీటిలో ఆమ్లాన్ని పోయాలి" అన్నా, "ఆమ్లాన్ని నీటిలో పోయాలి" అన్నా అర్థం ఒకటే. మాటల చోటు మారినా ప్రమాదం లేదు. ఎందుకని? "లో" అనే ప్రత్యయం నీటిని వదలదు. "ని" అనే ప్రత్యయం ఆమ్లాన్ని వదలదు. ఏ మాట ఎక్కడికి వెళ్లినా తన గుర్తింపు చీటీని మెడలో వేసుకునే వెళుతుంది. ఇంగ్లీషు మాటలకు అలాంటి చీటీలు చాలా తక్కువ. అక్కడ నిలుచున్న చోటే గుర్తింపు.

వ్యాకరణమంటే ఇదీ! ఇది పరీక్షలో కొన్ని మార్కులు తెచ్చే ప్రశ్న మాత్రమే కాదు. ఏది ఎందులో పోయాలో చెప్పే సూచన కూడా.

వ్యాకరణం మాట ఎత్తగానే మన ఊళ్లలో రెండు సలహాలు వినిపిస్తాయి. ఒకటి, "సూత్రాలన్నీ బట్టీపట్టు, అదే వస్తుంది." రెండోది, "వ్యాకరణమెందుకు? ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడు, అదే వస్తుంది." ఈ రెంటితోనూ నేను ఏకీభవించను. ఓమ్ నియమాన్ని అప్పగించిన విద్యార్థి వలయం కలపగలడని నమ్మకం లేదు. బల్బులూ తీగలూ ఊరికే చేతిలో పట్టుకు తిరిగినవాడికి నియమం దానంతటదే తట్టదు. రెండూ కలిసినప్పుడే చదువు. ఇంగ్లీషు వ్యాకరణాన్ని కూడా సైన్సు నేర్చుకున్నట్టే నేర్చుకోవాలని నా అభిప్రాయం. గమనించాలి, పోల్చాలి, ప్రయోగించాలి, సరిచూసుకోవాలి. ఆ పనికి మీ దగ్గరున్న అన్నిటికంటే మంచి పరికరం మీ తెలుగే.

ఎలాగో చూద్దాం.

అద్దంలో ప్రతిబింబం

ఈ మాటలు చదవండి: "గోదావరి ఒడ్డున ఉన్న ఊళ్లోని బడి వెనక తోట." మన కోనసీమలో ఇలాంటి తోటలకు కొదవలేదు. దీన్ని ఇంగ్లీషులో చెబితే, "ద గార్డెన్ బిహైండ్ ద స్కూల్ ఇన్ ద విలేజ్ ఆన్ ద బ్యాంక్ ఆఫ్ ద గోదావరి."

తెలుగు మాటలను వరసగా రాయండి: గోదావరి, ఒడ్డు, న, ఊరు, లో, బడి, వెనక, తోట. ఇంగ్లీషు వాక్యాన్ని చివరినుంచి వెనక్కి చదవండి: గోదావరి, బ్యాంక్, ఆన్, విలేజ్, ఇన్, స్కూల్, బిహైండ్, గార్డెన్. సమతల దర్పణం ముందు నిలబడితే కుడి ఎడమలు తారుమారైనట్టు, ఇంగ్లీషు వరస తెలుగు వరసకు ప్రతిబింబంలా లేదూ?

ఇది కాకతాళీయం కాదు. అమెరికా భాషాశాస్త్రవేత్త జోసెఫ్ గ్రీన్‌బర్గ్ 1963లో ప్రపంచంలోని 30 భాషలను పోల్చి చూశాడు. వాటిలో మన పొరుగు కన్నడమూ ఉంది, ఎక్కడో ఉన్న జపనీసూ ఉంది. కర్త, కర్మ వచ్చాక చివర క్రియ వచ్చే భాషల్లో, "లో", "మీద", "వెనక" వంటి మాటలు నామవాచకం తరవాత రావడమే చాలా ఎక్కువగా కనిపిస్తుందని ఆయన చూపించాడు. తెలుగు ఆ కోవలోది. ఇంగ్లీషులో క్రియ మధ్యలో వస్తుంది, "ఇన్", "ఆన్", "బిహైండ్" నామవాచకానికి ముందు వస్తాయి.

ప్రతి నియమానికీ హద్దులుంటాయని సైన్సు మనకు నేర్పింది కదా! ఇక్కడా అంతే. "తెల్ల పువ్వు" ఇంగ్లీషులో "వైట్ ఫ్లవర్". ఇక్కడ వరస మారలేదు. కర్త కూడా రెండు భాషల్లోనూ సాధారణంగా ముందే ఉంటుంది. నియమం ఎంతవరకు పనిచేస్తుంది, ఎక్కడ ఆగుతుంది అని వెతకడమే మంచి అభ్యాసం. రోజూ ఒక తెలుగు పదబంధాన్ని తీసుకోండి. కాగితం ముక్కల మీద ఒక్కొక్క మాట రాయండి. చివరినుంచి మొదటికి పేర్చి ఇంగ్లీషు చేయండి. వారం రోజుల్లో ఇంగ్లీషు వరస మీ చేతికి అలవాటవుతుంది.

గొంతు మీద చెయ్యి వేసి చూడండి

రెండు వేళ్లను గొంతు మీద ఆనించి "స్ స్ స్" అనండి. ఏమీ అదరదు. ఇప్పుడు తుమ్మెద ఎగిరినట్టు "జ్ జ్ జ్" అనండి. గొంతు అదురుతుంది. స్వరతంత్రులు కంపించడమే దీనికి కారణం. ధ్వని పాఠంలో కంపనాల గురించి చదివారు కదా, ఇది ఆ పాఠమే.

ఇప్పుడు ఇంగ్లీషు బహువచనాలను పలకండి. రాతలో అన్నింటి చివరా ఎస్ అనే అక్షరమే ఉంటుంది. పలకడంలో మాత్రం మూడు రకాలు. "ప్లాంట్", "రాక్", "మ్యాప్" అనే మాటల చివర అది "స్" అవుతుంది. "బర్డ్", "ఎగ్", "ట్యూబ్" అనే మాటల చివర అదురుతూ "జ్" అవుతుంది. "గ్యాస్", "బాక్స్" వంటి బుసధ్వనుల తరవాత "ఇజ్" అవుతుంది.

ఇది ఎవరు నిర్ణయించారు? మాట చివరి ధ్వనే నిర్ణయించింది. ట్, క్, ప్ అనేటప్పుడు గొంతు అదరదు గనుక వాటి పక్కన చేరే ధ్వనీ అదరదు. డ్, గ్, బ్ అనేటప్పుడు అదురుతుంది గనుక పక్కదీ అదురుతుంది. ఈ రెండు గుంపుల పేర్లు మీకు తెలుగు తరగతిలోనే చెప్పారు. క చ ట త ప లు పరుషాలు, గ జ డ ద బ లు సరళాలు! పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో అచ్చయింది. అందులో ఈ విభజన ఉంది. అన్న, తమ్ముడు కలిస్తే "అన్నదమ్ములు" ఎందుకయ్యారు? తల్లి, తండ్రి కలిస్తే "తల్లిదండ్రులు" ఎందుకయ్యారు? అచ్చుల మధ్య చిక్కిన పరుషం అదిరే ధ్వనిగా మారింది. ఇంగ్లీషులో ఎస్ చేసే పనీ అలాంటిదే. పక్క ధ్వని గుణం దీనికి అంటుకుంటోంది.

భూతకాలం గుర్తు "ఇడి"కి కూడా ఇదే సూత్రం. మీ ప్రయోగాల రికార్డులోని క్రియలనే తీసుకోండి. "మిక్స్", "వాష్", "డ్రాప్" అనే వాటి చివర "ట్" వినిపిస్తుంది. "బాయిల్", "కూల్", "ఫిల్టర్" అనే వాటి చివర "డ్" వినిపిస్తుంది. "హీట్", "యాడ్" అనే వాటికి "ఇడ్" చేరుతుంది. "మిక్సెడ్", "వాషెడ్" అని పలకనక్కరలేదు. వేళ్లు గొంతు మీద ఉంటే ఏది సరైనదో మీకే తెలుస్తుంది.

ఈ నియమం నిజంగా మనసులో ఉంటుందా, లేక ఒక్కొక్క మాటనూ విడివిడిగా గుర్తుపెట్టుకుంటామా? 1958లో జీన్ బెర్కో అనే శాస్త్రవేత్త్రి ఒక చక్కని పరీక్ష చేసింది. లోకంలో లేని ఒక జీవి బొమ్మ గీసి, నాలుగు నుంచి ఏడేళ్ల ఇంగ్లీషు పిల్లలకు చూపించి, "ఇది వగ్" అంది. తరవాత అలాంటివి రెండు చూపించి, "ఇప్పుడివి రెండు..." అని ఆగింది. చాలామంది పిల్లలు "వగ్జ్" అన్నారు. ఆ మాటను వాళ్లు అంతకుముందు ఎన్నడూ వినలేదు. అంటే నియమం వాళ్ల మనసులో ఉన్నట్టే కదా! మీ ఇంట్లో చిన్న తమ్ముణ్ణో చెల్లెల్నో అడిగి చూడండి. "వగ్గులు" అని తెలుగు నియమం ప్రకారం చెబుతారు. వ్యాకరణ పుస్తకం ముట్టని పసివాడికీ వ్యాకరణం ఉంటుంది. మీకూ ఉంది. ఇంగ్లీషు కోసం దానికి కొంత చేర్చుకోవాలి, అంతే.

మరుగుతుంది, మరుగుతోంది, మరిగింది

ఇంగ్లీషు కాలాలు పన్నెండని వినగానే చాలామందికి గుండె జారుతుంది. సైన్సు చదవడానికి మొదట మూడు చాలు.

నీరు సాధారణ వాతావరణ పీడనం వద్ద 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. ఇది ప్రకృతి నియమం, నిన్నా నేడూ రేపూ నిజం. "వాటర్ బాయిల్స్."

బీకరులోకి చూడండి, నీరు మరుగుతోంది. ఇది ఇప్పుడు కళ్లెదుట జరుగుతున్నది. "ద వాటర్ ఈజ్ బాయిలింగ్."

ఆరు నిమిషాల తరవాత నీరు మరిగింది. ఇది రికార్డులో రాసుకునే ఫలితం. "ద వాటర్ బాయిల్డ్ ఆఫ్టర్ సిక్స్ మినిట్స్."

నియమం, పరిశీలన, ఫలితం. ఈ మూడింటికీ తెలుగులో మూడు రూపాలున్నాయి, ఇంగ్లీషులోనూ మూడున్నాయి. "వాటర్ ఈజ్ బాయిలింగ్ ఎట్ హండ్రెడ్ డిగ్రీస్" అని నియమాన్ని రాసే విద్యార్థి తెలుగులో "మరుగుతోంది" అని రాయడు, "మరుగుతుంది" అనే రాస్తాడు. కనుక ఇంగ్లీషు వాక్యం రాసే ముందు తెలుగులో ఏ రూపం వస్తుందో ఒక్క క్షణం అడగండి. చాలాచోట్ల దారి దొరుకుతుంది.

దారి దొరకని చోటూ ఒకటుంది. "నిన్న చూశాను" అన్నా, "ఈ సినిమా ఇదివరకే చూశాను" అన్నా తెలుగులో రూపం ఒకటే. ఇంగ్లీషులో "నిన్న", "2019లో" వంటి గడిచిపోయిన సమయం చెప్పినప్పుడు "హావ్" రాదు. "ఐ సా ఇట్ యెస్టర్‌డే" అనాలి. సమయం చెప్పకుండా, ఆ పని పూర్తయి ఉందని మాత్రం చెప్పేటప్పుడు "ఐ హావ్ సీన్ ఇట్" అనాలి. తెలుగు సాయపడని చోట్లు ఇలాంటివి. అభ్యాసం ఎక్కువ చేయాల్సింది ఇక్కడే.

ఇక "హీ గో" అనే తప్పు సంగతి. తెలుగులో వెళతాను, వెళతావు, వెళతాడు, వెళుతుంది, వెళతాం, వెళతారు, వెళతాయి అని ఏడు రూపాలను మీరు అలవోకగా పలుకుతారు. ఇంగ్లీషు వర్తమానంలో ఉన్నవి రెండే, "గో", "గోస్". ఏడు మోసేవాడికి రెండు బరువా? ఒక తక్కెడను ఊహించుకోండి. "ప్లాంట్స్ గ్రో" అన్నప్పుడు ఎస్ నామవాచకం పళ్లెంలో ఉంది. "ద ప్లాంట్ గ్రోస్" అన్నప్పుడు క్రియ పళ్లెంలోకి వచ్చింది. "చిల్డ్రన్" వంటి మాటలకు ఈ తక్కెడ పనికిరాదు గాని, సైన్సు వాక్యాల్లో చాలావాటికి సరిపోతుంది.

ఎవరు ఎవరికి చెల్లించాలి?

ప్రయోగాల రికార్డులో "ద వాటర్ వాజ్ హీటెడ్" అని రాస్తారు. వేడిచేసింది ఎవరో ముఖ్యం కాదు, నీటికి ఏం జరిగిందన్నదే ముఖ్యం. అందుకే ఇంగ్లీషు శాస్త్ర గ్రంథాలకు కర్మణి వాక్యం ఇష్టం. తెలుగుకు అది అంత ఇష్టం లేదు. "అన్నం వండబడింది" అని ఏ అమ్మయినా పిలిచిందా? కాని మన సైన్సు పుస్తకాల్లో "నీరు వేడిచేయబడినది, ద్రావణం వడపోయబడినది" అనే వాక్యాలు కోకొల్లలు. ఇంగ్లీషు నీడ తెలుగు మీద పడిందన్నమాట. "నీటిని వేడిచేశాం, ద్రావణాన్ని వడపోశాం" అంటే సరిపోతుంది. రెండు భాషల వ్యాకరణాలూ తెలిసినవాడు రెండు భాషలనూ బాగా రాస్తాడు.

కర్మణి వాక్యాన్ని గుర్తించడం మన ప్రాంతంలో సైన్సును మించిన అవసరం కూడా. రాజోలు, అమలాపురం పరిసరాలనుంచి ఎందరో గల్ఫ్ దేశాలకు పనికి వెళుతుంటారు. ఒప్పందం కాగితాలను ఇంట్లో చదువుకుంటున్న పిల్లల చేతే చదివిస్తుంటారు. "ద వర్కర్ షల్ పే ద ఫేర్" అంటే ప్రయాణ ఖర్చు పనివాడు చెల్లించాలి. "ద వర్కర్ షల్ బీ పెయిడ్ ద ఫేర్" అంటే ఆ ఖర్చు పనివాడికి చెల్లిస్తారు. "బీ" అనే చిన్న మాట, "పే" చివర మార్పు, అంతే తేడా! నెలల సంపాదన ఎటు వెళుతుందో ఆ తేడా చెబుతుంది. ఆ కాగితం చదివే రోజున మీకు వచ్చిన మార్కులను ఎవరూ అడగరు.

చిన్న మాటలు, పెద్ద తేడాలు

"ద టెంపరేచర్ రోజ్ టు టెన్ డిగ్రీస్" అంటే ఉష్ణోగ్రత పది డిగ్రీలకు చేరింది. "రోజ్ బై టెన్ డిగ్రీస్" అంటే పది డిగ్రీలు పెరిగింది. 30 డిగ్రీలున్న నీరు పది డిగ్రీలు పెరిగితే 40 అవుతుంది. "టు", "బై" అనే మాటలను పట్టించుకోని విద్యార్థికి లెక్క మొత్తం తప్పుతుంది. లెక్కలు రానందుకు కాదు, ప్రశ్న అర్థం కానందుకు.

"డోంట్ టచ్ ద వైర్ అన్‌లెస్ ద స్విచ్ ఈజ్ ఆఫ్." స్విచ్ ఆపి ఉంటే తప్ప తీగను ముట్టుకోవద్దని అర్థం. "అన్‌లెస్"ను "ఇఫ్" అనుకుంటే, స్విచ్ ఆపి ఉంటే ముట్టుకోవద్దని తలకిందులవుతుంది.

"ఎ", "యాన్" సంగతి కూడా చూద్దాం. అచ్చు అక్షరం ముందు "యాన్" అని బట్టీపట్టినవాళ్లు "యాన్ యూనిట్" అని రాస్తారు. ఇక్కడ అక్షరాన్ని కాదు, ధ్వనిని చూడాలి. "యూనిట్" మొదట "య" అనే హల్లు ధ్వని ఉంది గనుక "ఎ యూనిట్". "ఎల్‌ఇడి" మొదట "ఎ" అనే అచ్చు ధ్వని ఉంది గనుక "యాన్ ఎల్‌ఇడి". "అవర్" అనే మాట రాతలో హెచ్‌తో మొదలైనా పలకడంలో అచ్చే గనుక "యాన్ అవర్". రెండు అచ్చులు ఢీకొనకుండా మధ్యలో "న్" అడ్డం నిలిచింది. మనం "మా అమ్మ"ను "మాయమ్మ" అన్నప్పుడు మధ్యలో "య" వచ్చి చేసే పనీ అదే. దాన్ని తెలుగులో యడాగమం అంటాం. ఇలా కలిపి చూస్తే వేరువేరు సూత్రాలు ఒకే కొమ్మ మీది కాయల్లా కనిపిస్తాయి.

పుస్తకం లేని భాషను నేర్చిన మాష్టారు

తెలుగే పరికరం అంటే నమ్మని పెద్దలుంటారు. వారికోసం రెండు ఉదాహరణలు.

మన డెల్టాకు నీరిచ్చిన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అదే ఏడాది చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వెలువడింది. కడప, మచిలీపట్నం, రాజమండ్రిలలో ఉద్యోగం చేసిన ఆ ఆంగ్లేయుడు 1840లోనే తెలుగు వ్యాకరణం ప్రచురించాడు. తన ఇంగ్లీషును వదులుకొని ఆయన తెలుగు నేర్చుకోలేదు. ఇంగ్లీషు పక్కన పెట్టి, పోల్చి నేర్చుకున్నాడు.

రెండో ఉదాహరణ ఇంకా గొప్పది. 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో చరిత్ర బోధించే మాష్టారు. కొండప్రాంతాల సవరల భాష నేర్చుకోవాలనుకున్నారు. ఆ భాషకు లిపి లేదు, వ్యాకరణ పుస్తకం లేదు, గైడు లేదు. తెలుగు తెలిసిన ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకొని, ఒక్కొక్క మాటే అడిగి, రాసుకొని, పోల్చి, ఆ భాష నియమాలను తానే కనిపెట్టారు. ఇంగ్లీషులో ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో వచ్చింది, నిఘంటువు 1938లో వచ్చింది. సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించడానికీ పాటుపడ్డారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆయన చేసింది ప్రయోగశాల పని. గమనించారు, ఊహించారు, పరీక్షించారు, సరిచేసుకున్నారు. వ్యాకరణ పుస్తకాలూ నిఘంటువులూ ఇన్ని ఉన్న ఇంగ్లీషును మనం ఆ పద్ధతిలో నేర్చుకోలేమా?

తప్పు కూడా ఒక కొలతే

ఇంగ్లీషు తరగతిలో నోరు మెదపని పిల్లలు చాలామంది భయపడేది తప్పుకు. 1967లో పిట్ కోర్డర్ అనే భాషాశాస్త్రవేత్త ఈ తప్పుల గురించి ఒక ముఖ్యమైన మాట చెప్పాడు. నేర్చుకునేవాడి తప్పులు చెత్త కావు, అతని మనసులో ఇప్పుడు ఏ నియమం పనిచేస్తోందో చూపే ఆధారాలు అన్నాడు. థర్మామీటరులో జ్వరం కనిపిస్తే థర్మామీటరును తిట్టం కదా! "ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్" అన్న పిల్లవాడు "చేస్తున్నాను, చదువుతున్నాను" అనే నమూనాను "ఉన్నారు" అనే మాటకు కూడా అంటించాడు. ఆలోచన ఉంది, హద్దు తెలియలేదు. హద్దు చూపించాలి గాని నవ్వకూడదు. తరగతిలో ఒకరి ఇంగ్లీషు విని నవ్వడం నా దృష్టిలో పరీక్షనాళిక పగలగొట్టడం కంటే పెద్ద తప్పు.

సరిచూసుకోవడం ఎలా? ఆకాశంలో మెరుపు విద్యుత్తేనని చెప్పిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ బడిలో చదివింది రెండేళ్లే. అన్నగారి అచ్చుకూటంలో పనిచేస్తూ రాయడం నేర్చుకున్నాడు. మంచి వ్యాసం ఒకటి చదివి, క్లుప్తంగా గుర్తులు రాసుకొని, కొన్ని రోజులు పక్కన పెట్టి, ఆ గుర్తులతో వ్యాసాన్ని తిరిగి రాసేవాడు. తరవాత అసలుతో పోల్చి తప్పులు దిద్దుకునేవాడు. ఈ పద్ధతికి మీ దగ్గర సిద్ధంగా సామగ్రి ఉంది. 2020 తరవాత ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన ద్విభాషా సైన్సు పుస్తకాల్లో ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో తెలుగు అచ్చువేశారు. ఇంగ్లీషు పేజీని కాగితంతో మూయండి. తెలుగు చూసి మూడు వాక్యాలు ఇంగ్లీషులో రాయండి. కాగితం తీసి పోల్చండి. తేడా ఉన్న చోట గుండ్రంగా గీత గీయండి. నెల తరవాత ఆ గుండ్రాలను లెక్కపెడితే మీ అభివృద్ధి మీకే కనిపిస్తుంది.

ఒక్క ఆదివారం నాలుగు గంటలు కూర్చోవడం కంటే రోజూ పావుగంట మేలు. 1885లో జర్మనీకి చెందిన హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అర్థంలేని అక్షరాల గుంపులను తానే కంఠస్థం చేసి, ఎంతకాలానికి ఎంత మరిచిపోతున్నాడో కొలిచాడు. మొదట్లో మరుపు చాలా వేగం, పోనుపోను నెమ్మది. మధ్యమధ్య విరామం ఇచ్చి చదివింది ఎక్కువకాలం నిలుస్తుంది. వరిచేనుకు నీళ్లు కూడా ఏడాదికి సరిపడా ఒక్కరోజే పెట్టం కదా!

"ఇప్పుడు ఫోనే అనువాదం చేస్తోంది, ఈ శ్రమ ఎందుకు?" అని అడిగేవారుంటారు. కాలిక్యులేటరు వచ్చాక ఎక్కాలు అక్కరలేదా? అది చూపిన జవాబు పొంతన లేకుండా ఉంటే పసిగట్టడానికైనా లెక్క తెలిసుండాలి. ఫోను ఇచ్చిన వాక్యంలో ఆమ్లం నీటిలోకి వెళ్లిందో, నీరు ఆమ్లంలోకి వెళ్లిందో చూడాల్సింది మీరే.

తోటి ఉపాధ్యాయులకూ ఒక మాట. వ్యాకరణం ఇంగ్లీషు మాష్టారి పని, సైన్సు మాష్టారి పని ప్రయోగాలు అని గోడ కట్టుకోవద్దు. 1979 నుంచి 1984 వరకు ఎన్. ఎస్. ప్రభు దక్షిణ భారతంలోని కొన్ని పాఠశాలల్లో ఇంగ్లీషును సూత్రాల పాఠంగా కాక, రైలు వేళల పట్టికలు, పటాలు చూసి సమస్యలు సాధించే పనిగా నేర్పించి చూశారు. మనసు అర్థం మీద ఉన్నప్పుడు భాష కూడా కుదురుకుంటుందని ఆయన నమ్మకం. ఆయన సూత్రాల పాఠాన్ని పూర్తిగా పక్కన పెట్టారు, నేను అంత దూరం వెళ్లను. కాని పని మాత్రం అర్థమున్నదై ఉండాలి. మన బడిలో అలాంటి పని సైన్సు రికార్డులో ఉంది. వారానికి ఒక పేజీ ఇద్దరు మాష్టార్లూ కలిసి దిద్దితే చాలు.

ఈ నెల అభ్యాసం

రోజుకు మూడే వాక్యాలు రాయండి. ఒకటి నియమం, ఒకటి కళ్లెదుట జరుగుతున్నది, ఒకటి జరిగిపోయినది. కాలువలో నీటిమట్టం, కొబ్బరిపీచు తడిస్తే వచ్చే మార్పు, సముద్రపు పోటుపాట్లు, ఏదైనా సరే. ముందుగా ఈ అయిదూ ప్రయత్నించండి.

1. "కాలువ పక్కన ఉన్న ఇంట్లోని దీపం" – అద్దం పద్ధతిలో ఇంగ్లీషు చేయండి.
2. "ఫిల్టర్", "వాష్", "హీట్" – భూతకాలంలో చివర వినిపించే ధ్వని ఏది?
3. ఉష్ణోగ్రత 30 నుంచి 45 డిగ్రీలకు చేరింది. "టు"తో ఒక వాక్యం, "బై"తో ఒక వాక్యం రాయండి.
4. "మ్యాగ్నెట్", "ఎక్స్‌రే", "యూనివర్సిటీ" – వీటి ముందు "ఎ" వస్తుందా, "యాన్" వస్తుందా?
5. "ఐరన్ రస్ట్ ఇన్ మాయిస్ట్ ఎయిర్." తక్కెడ సరిచేయండి.

జవాబులు: 1. "ద ల్యాంప్ ఇన్ ద హౌస్ బిసైడ్ ద కెనాల్." 2. వరసగా డ్, ట్, ఇడ్. 3. "రోజ్ టు ఫార్టీఫైవ్ డిగ్రీస్", "రోజ్ బై ఫిఫ్టీన్ డిగ్రీస్". 4. ఎ, యాన్, ఎ. 5. "ఐరన్ రస్ట్స్".

విద్యార్థులారా! ఇంగ్లీషు రాని పిల్లవాడు తెలివి తక్కువవాడు కాడు. తెలుగు మాట్లాడే పిల్లవాడు వెనకబడినవాడూ కాడు. మీరు పుట్టి నాలుగేళ్లు తిరిగేలోపే ఒక భాష వ్యాకరణాన్ని పుస్తకం లేకుండా నేర్చుకున్నవారు. రెండోదాన్ని పుస్తకంతో, స్నేహితులతో, మాష్టార్లతో నేర్చుకోవడానికి జంకు ఎందుకు? ఈ రోజే రికార్డు తెరిచి మొదటి మూడు వాక్యాలూ రాయండి. తప్పులుంటే గుండ్రాలు చుట్టండి. రేపు మరో మూడు రాయండి.